ఎవరు చెప్పినా నమ్మే నెట్‌వర్క్

అమీర్‌పేటలో సీసీఎన్‌ఏ అనే నెట్‌వర్కింగ్ పరీక్ష కోచింగ్‌కి చేరినవాళ్లకు మొదట్లోనే బోర్డు మీద ఏడు పొరలు కనిపిస్తాయి. ఫిజికల్, డేటా లింక్, నెట్‌వర్క్, ట్రాన్స్‌పోర్ట్, సెషన్, ప్రెజెంటేషన్, అప్లికేషన్. వరుస తప్పకుండా గుర్తుండడానికి 'ప్లీజ్ డు నాట్ త్రో సాసేజ్ పిజ్జా అవే' అని ఒక వాక్యం కూడా అప్పజెప్పించుకుంటారు. సాసేజ్ ఎలా ఉంటుందో ఎన్నడూ చూడని కుర్రాడు కూడా ఇంటర్వ్యూలో ఆ పిజ్జాని పట్టుకునే గట్టెక్కుతాడు. ఆ తర్వాత టీసీపీ, యూడీపీ, డీహెచ్‌సీపీ, డీఎన్‌ఎస్, ఏఆర్‌పీ, బీజీపీ అంటూ పొట్టి పేర్లు ఒకదాని వెనక ఒకటి వస్తాయి. ఒక్కోదానికి పూర్తి పేరు, పోర్టు నంబరు, అది ఏ పొరలో ఉంటుందో రాసుకునేసరికి నోట్సు నిండిపోతుంది. ఇంతా చేసి, ఇంట్లో వైఫై గీతలు నిండుగా ఉండి నెట్ మాత్రం రాకపోతే ఎక్కడ చూడాలో తోచదు.

ఈ పేర్లన్నిటినీ కలిపే దారం ఒకటుంది. నెట్‌వర్క్‌లో ప్రతి యంత్రమూ ఇంకో యంత్రాన్ని ఏదో ఒకటి అడుగుతూనే ఉంటుంది. నా అడ్రస్ ఏది? ఈ అడ్రస్ ఎవరిది? ఈ పేరు వెనక ఉన్న నంబరెంత? అక్కడికి దారి ఎటు? ఆ ప్రశ్న ఎలా అడగాలో, జవాబు ఎలా చెప్పాలో ముందే కుదుర్చుకున్న పద్ధతి పేరే ప్రోటోకాల్. అయితే ఈ పద్ధతుల్లో చాలావాటిని 1970, 80లలో ఒకరికొకరు బాగా తెలిసిన కొద్దిమంది పరిశోధకులు రాసుకున్నారు. జవాబు చెప్పింది ఎవరో ఆరా తీసే ఏర్పాటు వాటిలో లేదు. అప్పటికి ఆ అవసరమూ పెద్దగా కనిపించలేదు. ఆ తర్వాత నలభై ఏళ్ల నెట్‌వర్కింగ్‌లో చాలా భాగం ఆ ఆరా తీసే ఏర్పాట్లను వెనకనుంచి తెచ్చి తగిలించడమే. ఒక్కో ప్రోటోకాల్‌నీ 'ఇది ఎవరి మాట నమ్ముతోంది' అని అడిగి చూస్తే బట్టీ పట్టాల్సింది బాగా తగ్గుతుంది.

ముందు ఆ ఏడు పొరల సంగతి తేల్చేద్దాం. వాటిని చెప్పే ఓఎస్‌ఐ నమూనాని అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్‌ఓ 1984లో ప్రకటించింది. అంతకు ముందే, 1983 జనవరి 1న, అమెరికా రక్షణశాఖ వారి అర్పానెట్ టీసీపీ/ఐపీకి మారిపోయింది. తర్వాత కొన్నేళ్లు రెండిటికీ పోటీ నడిచి టీసీపీ/ఐపీ గెలిచింది. కాబట్టి మన పిల్లలు బట్టీ పడుతున్నది ఓడిన పక్షం గీసిన పటాన్ని. సెషన్, ప్రెజెంటేషన్ పొరలు ఇవిగో అని వేలుపెట్టి చూపించడానికి ఇవాళ్టి ఇంటర్నెట్‌లో విడిగా ఏమీ లేదు. ఆ పనులు అప్లికేషన్లే చూసుకుంటాయి. అలాగని ఆ పటం దండగేమీ కాదు. ఇంజనీర్లు 'లేయర్ 2 స్విచ్', 'లేయర్ 7 ఫైర్‌వాల్' అని రోజూ మాట్లాడుకునేది ఆ అంకెలతోనే. అంతవరకు నేర్చుకుంటే చాలనిపిస్తుంది నాకు.

అసలు పునాది ప్యాకెట్. పాత టెలిఫోన్ పద్ధతిలో ఇద్దరు మాట్లాడుకుంటున్నంత సేపూ వాళ్ల మధ్య ఒక లైను మొత్తం వాళ్లకే అంకితం. ఎవరూ మాట్లాడకుండా ఊరుకున్నా అది ఇంకెవరికీ దక్కదు. 1960లలో అమెరికాలో రాండ్ సంస్థలో పాల్ బారన్, బ్రిటన్‌లో జాతీయ భౌతిక ప్రయోగశాలలో డొనాల్డ్ డేవిస్ విడివిడిగా ఒకే ఆలోచనకు వచ్చారు: సమాచారాన్ని చిన్న ముక్కలు చేసి, ప్రతి ముక్క మీదా ఎక్కడికి చేరాలో రాసి, ఖాళీగా ఉన్న దారిన పంపేయడం. ఆ ముక్కకు ప్యాకెట్ అని పేరు పెట్టింది డేవిస్. 1969 అక్టోబర్ 29 రాత్రి లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీ నుంచి స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థకు మొదటి సందేశం వెళ్లింది. 'లాగిన్' అని కొట్టబోతే ఇంగ్లీషులో మొదటి రెండక్షరాలు చేరేసరికి అవతలి యంత్రం పడిపోయింది.

ఇవాళ మన ఇళ్లలో తిరిగే ప్యాకెట్ సాధారణంగా 1500 బైట్లకు మించదు. వాట్సాప్‌లో 3 ఎంబీ ఫోటో డాక్యుమెంటుగా పంపితే అది రెండు వేల పైచిలుకు ముక్కలై పోతుంది. దారిలోని రూటర్లు ఏ ముక్క ఏ ఫోటోదో పట్టించుకోవు. గమ్యం చూస్తాయి, తర్వాతి మజిలీకి తోస్తాయి, రద్దీ ఎక్కువైతే పారేస్తాయి. పారేశామని కబురు కూడా పెట్టవు. ఇది లోపం కాదు, కావాలని చేసుకున్న ఏర్పాటు. మధ్యలో ఉన్నవాటిని అమాయకంగా ఉంచి, తెలివంతా రెండు చివరల్లో పెట్టాలన్న ఈ వాదాన్ని సాల్ట్‌జర్, రీడ్, క్లార్క్ అనే ముగ్గురు 1984లో వ్యాసంగా రాశారు. మధ్యలోని రూటర్లకు వీడియో కాల్ అంటే ఏమిటో తెలియదు కాబట్టే, వీడియో కాల్ వచ్చిన రోజున వాటిని మార్చనక్కర్లేకపోయింది.

ఇప్పుడు ఇంట్లోంచి మొదలుపెడదాం. ఫోన్‌లో, ల్యాప్‌టాప్‌లో ఉన్న వైఫై చిప్పుకు తయారీలోనే 48 బిట్ల మ్యాక్ అడ్రస్ ఉంటుంది. అందులో మొదటి సగం తయారీదారుకు కేటాయించిన సంఖ్య. ఈ అడ్రస్ ఆ ఇంటి నెట్‌వర్క్ వరకే పనికొస్తుంది, రూటర్ దాటి బయటికి పోదు. ఒకే అడ్రస్‌తో ఊరంతా తిరిగితే దుకాణాలు, మాల్స్ మనిషి జాడ తీయొచ్చని ఇప్పటి ఫోన్లు వైఫై వైఫైకీ ఒక ఉత్తుత్తి మ్యాక్ అడ్రస్ చూపిస్తున్నాయి. ఆఫీసు వైఫైలో పాత మ్యాక్ అడ్రస్ నమోదు చేయించుకున్నవాళ్లు ఒక్కోసారి ఐటీ విభాగం చుట్టూ తిరగడానికి ఇదీ ఒక కారణం. ఇంకా వెనక్కి పోతే, ఒకే గాలిలో అందరూ మాట్లాడుకోవడం ఎలా అన్న చిక్కుకి మొదటి జవాబు హవాయి యూనివర్సిటీలో 1971లో నడిచిన ఆలోహానెట్. దాని గురించి చదివిన బాబ్ మెట్‌కాఫ్ 1973లో జిరాక్స్ పరిశోధన కేంద్రంలో ఈథర్‌నెట్‌కి రూపం ఇచ్చాడు. మన రూటర్ వెనక గుచ్చే తీగ దానికి మునిమనవడు.

ఫోన్ వైఫైలో చేరగానే చేసే మొదటి పని కేకేయడం: 'ఇక్కడ అడ్రస్‌లు పంచేవాళ్లు ఎవరైనా ఉన్నారా?' రూటర్ 'ఇదిగో, 192.168.1.7 తీసుకో' అంటుంది. ఫోన్ 'అయితే అదే ఇవ్వండి' అంటుంది. రూటర్ 'సరే, ఇన్ని గంటలు నీదే' అని ఖాయం చేస్తుంది. దీని పేరు డీహెచ్‌సీపీ, 1993లో వచ్చింది. ఈ నాలుగు మాటల్లో అడ్రస్‌తో పాటు ఇంకో రెండు విషయాలు కూడా అందుతాయి. ఒకటి గేట్‌వే, అంటే బయటికి పోవాలంటే ఎవరి గుండా పోవాలో. రెండోది డీఎన్‌ఎస్ సర్వర్, అంటే పేర్లు ఎవర్ని అడగాలో. మొదట ఎవరు జవాబిస్తే ఫోన్ వాళ్ల మాటే పట్టుకుంటుంది.

ఆఫీసుల్లో తరచూ జరిగే ముచ్చట ఒకటి చూడండి. కాన్ఫరెన్స్ గదిలో సిగ్నల్ సరిగ్గా లేదని ఒకాయన ఇంట్లో మూలపడి ఉన్న రూటర్ తెచ్చి, గోడకున్న పోర్టుకి తగిలిస్తాడు. వ్యాన్ అని రాసి ఉన్న చోట గుచ్చాల్సిన తీగ ల్యాన్ అన్న చోట గుచ్చుతాడు. పావుగంటలో అదే అంతస్తులో ఒక్కొక్కరికీ నెట్ పోవడం మొదలవుతుంది. అందరికీ కాదు, ఆ పూట కంప్యూటర్ ఆన్ చేసినవాళ్లకు, లేదా అడ్రస్ గడువు తీరినవాళ్లకు మాత్రమే. పక్క సీటు వాడికి వస్తోంది, నాకెందుకు రాదని గొడవ. ఐటీ కుర్రాడు వచ్చి నల్ల తెరలో ఐపీకాన్ఫిగ్ అని కొడితే, 10తో మొదలవ్వాల్సిన గేట్‌వే 192.168.0.1 అని కనిపిస్తుంది. ఎవరో దొంగ పెద్దమనిషి అడ్రస్‌లు పంచుతున్నాడని అతనికి అప్పుడర్థమవుతుంది. మంచి స్విచ్‌లలో దీన్ని అడ్డుకునే ఏర్పాటు ఉంది: ఫలానా పోర్టు నుంచి తప్ప డీహెచ్‌సీపీ జవాబులు రానివ్వకు అని చెప్పిపెట్టొచ్చు. చెప్పిపెట్టని ఆఫీసులూ ఉంటాయి.

ఏఆర్‌పీ అమాయకత్వం ఇంకా ఎక్కువ. 1982 నాటిది. '192.168.1.1 ఎవరు? మీ మ్యాక్ అడ్రస్ చెప్పండి' అని ఫోన్ అందర్నీ అడుగుతుంది. 'నేనే' అన్నవాడి మాట రాసిపెట్టుకుంటుంది. అడక్కపోయినా 'నేనే గేట్‌వేని' అని చెప్పుకుంటే కూడా చాలా యంత్రాలు నమ్మేస్తాయి. రైల్వే స్టేషన్‌లో, కాఫీ షాపులో ఉచిత వైఫైలో బ్యాంకు పనులు చేయొద్దని పెద్దలు చెప్పడం వెనక ఒక ముఖ్య కారణం ఇదే. అదే వైఫైలో కూర్చున్న ఇంకొకడు మీ రాకపోకలన్నీ తన ల్యాప్‌టాప్ మీదుగా పోయేట్టు చేసుకోగలడు. ఆ మాటకొస్తే, ఈ సలహా ఇప్పుడు పాతబడుతోంది. ఎందుకో కింద హెచ్‌టీటీపీఎస్ దగ్గర చెప్తాను.

ఇంటి గడప దాటితే ఐపీ. మనకు అలవాటైన నాలుగు అంకెల అడ్రస్ ఐపీవీ4, 1981లో ఖరారైంది. 32 బిట్లు, అంటే 429 కోట్ల పైచిలుకు అడ్రస్‌లు. అది ప్రయోగం కోసమే కదా అనుకుని 32 దగ్గర ఆగామని, దాన్ని రూపొందించినవారిలో ఒకరైన వింట్ సెర్ఫ్ తర్వాత చెప్పాడు. ప్రయోగం అలాగే కొనసాగి ప్రపంచమంతా పాకింది. 2011 ఫిబ్రవరి 3న ప్రపంచ కేంద్ర ఖాతాలో మిగిలిన చివరి మూటలు ప్రాంతీయ సంస్థలకు పంచేయడంతో కొత్తగా ఇవ్వడానికి అక్కడ ఏమీ లేకుండా పోయింది. సబ్‌నెట్ మాస్క్ అని బోర్డు మీద ఒకట్లూ సున్నాలూ వేసి భయపెట్టేది ఈ అడ్రస్‌లను పొదుపుగా పంచుకోవడానికే. 255.255.255.0 అంటే చివరి అంకె ఒక్కటే ఇంట్లో వాళ్లది, ముందున్నదంతా ఆ వీధిది. 256లో మొదటిదీ చివరిదీ తీసేస్తే యంత్రాలకు 254 మిగుల్తాయి.

అడ్రస్‌లు చాలకపోయినా నెట్ ఆగకపోవడానికి కారణం న్యాట్. 10తో, 192.168తో మొదలయ్యేవి, 172.16 నుంచి 172.31 దాకా ఉన్నవి ఎవరింట్లోనైనా ఎవరైనా వాడుకోవచ్చు; బయట అవి చెల్లవు. ఇంట్లో పది పరికరాలున్నా బయటికి పోయే ప్యాకెట్ల మీద రూటర్ తన అడ్రస్ రాసి పంపి, జవాబు వచ్చాక ఎవరిదో చూసి లోపలికి చేరుస్తుంది. అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ చేసే పనే ఇది: లోపలివాళ్లు తెప్పించుకున్నది ఏ ఫ్లాటుకో పుస్తకంలో చూసి పంపిస్తాడు, ఎవరూ అడగని మనిషి వస్తే గేటు దగ్గరే ఆపుతాడు. చాలామంది ఇళ్లకు దక్కిన రక్షణ ఈ మొహమాటం లేని వాచ్‌మన్ వల్లనే, యాంటీవైరస్ వల్ల అంతగా కాదు. అయితే ఇప్పుడు నెట్ కంపెనీలు కూడా అడ్రస్‌లు చాలక వీధి మొత్తానికి ఇంకో న్యాట్ పెడుతున్నాయి. మీ రూటర్ సెట్టింగుల్లో బయటి అడ్రస్ 100.64 నుంచి 100.127 మధ్యలో ఉంటే మీరు అలాంటి రెండో గేటు లోపల ఉన్నట్టు. ఇంట్లో పెట్టిన సీసీ కెమెరాని ఊరి నుంచి నేరుగా చూడడం కుదరకపోవడానికి, ఆన్‌లైన్ నేరం జరిగినప్పుడు ఐపీ అడ్రస్ ఒక్కటే పట్టుకుని మనిషిని చేరలేకపోవడానికి ఇదే కారణం. ఆ సమయంలో ఆ అడ్రస్ వెనక వందలమంది ఉండొచ్చు. ఏ పోర్టు వాడారో, ఏ క్షణానో కూడా తెలిస్తేగానీ తేలదు.

అసలు మందు ఐపీవీ6. 128 బిట్లు, అడ్రస్‌ల లెక్క రాస్తే 39 అంకెల సంఖ్య అవుతుంది. 1998లో నిర్దేశం వచ్చినా ఏళ్ల తరబడి ఎవరూ కదలలేదు. ఈ విషయంలో మన దేశం ముందుంది. 2016లో జియో మొదలైనప్పుడే ఐపీవీ6తో దిగడంతో, ఇవాళ భారతదేశంలో సగానికి పైగా వాడకందార్లు తమకు తెలియకుండానే దాని మీద నడుస్తున్నారు. ఇప్పటికీ కోచింగ్ నోట్సుల్లో అది చివరి అధ్యాయమే. సెల్‌ఫోన్‌లో మాత్రం అది మొదటి అధ్యాయం అయిపోయి చాలా కాలమైంది.

రూటర్లు ప్యాకెట్లు పారేస్తాయని చెప్పుకున్నాం కదా, మరి ఫోటో సాంతం ఎలా చేరుతోంది? టీసీపీ వల్ల. ముందు మూడు మాటలు: వినిపిస్తోందా, వినిపిస్తోంది నీకో, నాకూ వినిపిస్తోంది. ఆ తర్వాత పంపే ప్రతి బైటుకీ లెక్క ఉంటుంది. అవతలివైపు నుంచి 'ఇంతవరకు చేరింది' అని రసీదు రాకపోతే మళ్లీ పంపుతుంది. వింట్ సెర్ఫ్, బాబ్ కాన్ 1974లో ప్రచురించిన వ్యాసంతో మొదలైంది ఈ కథ. కానీ మొదట్లో టీసీపీకి ఒక జబ్బు ఉండేది. 1986 అక్టోబర్‌లో బర్క్‌లీలో లారెన్స్ ప్రయోగశాలకూ యూనివర్సిటీకీ మధ్య, గట్టిగా 400 గజాల దూరంలో, సెకనుకు 32 వేల బిట్లు రావాల్సిన వేగం 40 బిట్లకు పడిపోయింది. అంటే సెకనుకి ఐదు అక్షరాలు. తీగ బాగానే ఉంది, యంత్రాలూ బాగానే ఉన్నాయి. రద్దీ వల్ల ప్యాకెట్ పోతే పంపినవాడు వెంటనే మళ్లీ పంపుతున్నాడు, దాంతో రద్దీ ఇంకా పెరుగుతోంది, ఇంకా పోతున్నాయి, ఇంకా పంపుతున్నాడు.

వ్యాన్ జేకబ్సన్ అనే పరిశోధకుడు 1988లో చెప్పిన మందు ఇది: కొత్తగా మొదలుపెట్టినప్పుడు కొద్దికొద్దిగా పంపు, రసీదులు వస్తుంటే పెంచు, ఒక్క ప్యాకెట్ పోయినా దాన్ని రద్దీ గుర్తుగా తీసుకుని తగ్గించు. దీన్ని రూటర్లు అమలు చేయవు; పంపే యంత్రమే తనకు తాను విధించుకుంటుంది. ఒక కంపెనీ ఈ నియమం పాటించకుండా గట్టిగా తోసే సాఫ్ట్‌వేర్ రాసుకుంటే దానికి వేగం ఎక్కువే దక్కుతుంది, పక్కవాళ్లకు తగ్గుతుంది. ఇంటర్నెట్ మళ్లీ 1986లోకి జారిపోకుండా ఉండడానికి ఒక ముఖ్య కారణం ఆపరేటింగ్ సిస్టమ్‌లు రాసేవాళ్లు ఈ మర్యాద పాటించడం. చట్టం లేదు, పోలీసు లేడు. నెట్‌వర్కింగ్‌లో నాకు అన్నిటికంటే ఆశ్చర్యంగా అనిపించే సంగతి ఇదే. కోచింగ్‌లలో మాత్రం 'స్లో స్టార్ట్' అన్న రెండు మాటల నిర్వచనంగా దాటిపోతుంది.

యూడీపీ 1980 నాటిది, ఎనిమిది బైట్ల తలకట్టు. రసీదుల్లేవు, లెక్కల్లేవు, పంపి మరిచిపోవడమే. వీడియో కాల్‌లో ఒక ముక్క పోతే మళ్లీ తెప్పించుకునేలోపు ఆ మాట అయిపోతుంది కాబట్టి పోనివ్వడమే నయం. గేములకూ ఇదే. ఇక్కడో తమాషా ఉంది. గూగుల్ మొదలుపెట్టగా 2021లో ప్రమాణంగా మారిన క్విక్ అనే ప్రోటోకాల్ టీసీపీ చేసే పనులన్నీ చేస్తుంది, ఇంకా ఎక్కువే చేస్తుంది. ఇంట్లో వైఫై నుంచి మెట్లు దిగి మొబైల్ డేటాలోకి మారినా కనెక్షన్ తెగకుండా చూస్తుంది. కానీ అది యూడీపీ ముసుగులో తిరుగుతుంది. ఎందుకంటే మధ్యలో అమాయకంగా ఉండాల్సిన పెట్టెలు, అంటే ఫైర్‌వాల్‌లు, న్యాట్‌లు, కాలక్రమంలో అతితెలివి నేర్చుకుని టీసీపీ, యూడీపీ తప్ప మూడోది కనిపిస్తే ఆపేస్తున్నాయి. తెలివి చివరల్లోనే ఉండాలన్న 1984 నాటి మాటకు ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

పోర్టు నంబర్ల గురించి రెండు ముక్కలు. ఒకే యంత్రంలో వెబ్, మెయిల్, ఇంకా పది సేవలు ఉంటే వచ్చిన ప్యాకెట్ ఎవరికో తెలియడానికి ఈ నంబరు. వెబ్‌కి 80, తాళం వేసిన వెబ్‌కి 443, డీఎన్‌ఎస్‌కి 53. దూరంగా ఉన్న కంప్యూటర్లోకి వెళ్లడానికి ఒకప్పుడు 23లో ఉండే టెల్‌నెట్ వాడేవారు. అది పాస్‌వర్డ్‌ని కూడా బాహాటంగా పంపేది. హెల్సింకీ సాంకేతిక విశ్వవిద్యాలయంలో ఇలా పాస్‌వర్డ్‌లు దొంగిలించడం చూసి టాటూ యులోనెన్ 1995లో ఎస్‌ఎస్‌హెచ్ రాసి, దానికి పక్కనే ఖాళీగా ఉన్న 22 అడిగి తీసుకున్నాడు.

పేర్ల దగ్గరికి వద్దాం. మొదట్లో నెట్‌వర్క్‌లోని అన్ని యంత్రాల పేర్లూ, నంబర్లూ ఒకే ఫైల్లో ఉండేవి; స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థలో దాన్ని చూసుకునేవారు, అందరూ అక్కడి నుంచి దించుకునేవారు. అది మోయలేని బరువయ్యాక 1983లో పాల్ మొకపెట్రిస్ డీఎన్‌ఎస్ రూపొందించాడు. పేరును వెనక నుంచి చదవాలి. '.ఇన్' ఎవరి దగ్గర ఉందో రూట్ సర్వర్లు చెప్తాయి, ఆ '.ఇన్' వాళ్లు తర్వాతి ముక్క ఎవరిదో చెప్తారు, వాళ్లు చివరి నంబరు చెప్తారు. రూట్ సర్వర్లకు 13 పేర్లే ఉన్నా వాటి వెనక ప్రపంచమంతటా వెయ్యికి పైగా యంత్రాలు పనిచేస్తున్నాయి. తెలుగులో '.భారత్' అని కూడా పేరు నమోదు చేసుకోవచ్చు, కానీ డీఎన్‌ఎస్ లోపల అది తెలుగులో తిరగదు. ఇంగ్లీషు అక్షరాలూ అంకెలూ కలిసిన ఒక పొడుగాటి మారుపేరు వేసుకుని తిరుగుతుంది. పాత వ్యవస్థకు కొత్త లిపి తెలియకూడదన్న జాగ్రత్త.

డీఎన్‌ఎస్ కూడా మొదట నమ్మకం మీదే నడిచింది. ప్రశ్నకి 16 బిట్ల గుర్తు సంఖ్య ఒకటి ఉంటుంది. జవాబులో అదే సంఖ్య ఉంటే చాలు. 65,536లో ఒకటి ఊహించగలిగినవాడు అసలు జవాబు రాకముందే తప్పు జవాబు దూర్చొచ్చు. ఒకసారి గురి తప్పితే చాలాసేపు ఆగాలి కదా అని అందరూ ధీమాగా ఉన్నారు. అలా ఆగకుండా వెంటవెంటనే ప్రయత్నించే దారి ఉందని 2008లో డాన్ కామిన్‌స్కీ కనిపెట్టి, బయటపెట్టకుండా ముందు కంపెనీలన్నిటికీ చెప్పి, అందరూ ఒకేసారి సవరణ విడుదల చేసేట్టు చూశాడు. జవాబు మీద సంతకం ఉండే డీఎన్‌ఎస్‌సెక్ దీనికి పూర్తి పరిష్కారం, కానీ దాన్ని వాడే సైట్లు ఇప్పటికీ తక్కువ.

ఇన్నిచోట్ల ఇంత అలుసు ఉన్నా మన డబ్బులు క్షేమంగా ఉండడానికి కారణం హెచ్‌టీటీపీఎస్. అంటే వెబ్ మాటలకు టీఎల్‌ఎస్ అనే తాళం. దారిలో ఏఆర్‌పీ అబద్ధమాడినా, డీఎన్‌ఎస్ మోసపోయినా, అవతలి సైట్ తన సర్టిఫికెట్ చూపించలేకపోతే బ్రౌజర్ ఆగిపోతుంది. కాఫీ షాపు వైఫై భయం పాతబడిందన్నది ఇందుకే. 2015లో లెట్స్ ఎన్‌క్రిప్ట్ ఉచితంగా సర్టిఫికెట్లు ఇవ్వడం మొదలుపెట్టాక తాళం లేని సైట్ అరుదైపోయింది. ఇక్కడా నమ్మకం తప్పలేదు: ఆ సర్టిఫికెట్లు ఇచ్చే సంస్థల్ని నమ్మాలి. 2011లో నెదర్లాండ్స్‌లోని డిజినోటార్‌లోకి చొరబడి గూగుల్ పేరుతో దొంగ సర్టిఫికెట్ పుట్టించి ఇరాన్ వాసుల మెయిళ్లపై నిఘాకు వాడారు; ఆ సంస్థ అదే ఏడాది దివాలా తీసింది. ఇంకొకటి గుర్తుంచుకోవాలి. తాళం గుర్తు ఉందంటే మీరు మాట్లాడుతున్నది ఆ పేరున్న సైట్‌తోనే అని మాత్రమే అర్థం. ఆ సైట్ పెట్టినవాడు మంచివాడని కాదు. కేవైసీ అప్‌డేట్ చేయమని వచ్చే దొంగ లింకులకూ ఇప్పుడు తాళం ఉంటోంది.

ఏ తాళమూ పూర్తిగా పడని చోటు బీజీపీ. ఇంటర్నెట్ అంటే వేలాది విడి నెట్‌వర్క్‌లు. ఏ అడ్రస్‌లు తమ దగ్గర ఉన్నాయో, ఎవరి దగ్గరికి దారి తెలుసో అవి ఒకదానికొకటి చెప్పుకునే భాష ఇది. 1989లో ఇద్దరు ఇంజనీర్లు భోజనాల దగ్గర టిష్యూ కాగితాల మీద గీసుకుని మొదలుపెట్టారు. 2008 ఫిబ్రవరి 24న పాకిస్తాన్ టెలికాం తమ దేశంలో యూట్యూబ్ ఆపడానికి 'యూట్యూబ్ దారి ఇటే' అని లోపల ప్రకటన పెట్టింది. అది పొరపాటున బయటికి పొక్కింది, వాళ్లను బయటి నెట్‌కి కలిపే పై కంపెనీ సరిచూడకుండా ముందుకు చెప్పింది. యూట్యూబ్ చెప్పిన దారికంటే ఇది ఇంకా నిర్దిష్టంగా ఉండడంతో ప్రపంచంలోని రూటర్లు దీన్నే ఎంచుకున్నాయి. దాదాపు రెండు గంటలు యూట్యూబ్ చాలాచోట్ల లేదు. 2021 అక్టోబర్ 4న, మనకు రాత్రి 9 దాటాక, ఫేస్‌బుక్, వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ ఆరు గంటల పాటు మాయమైందీ ఇక్కడే. నిర్వహణలో తప్పు కమాండ్ పడి సొంత నెట్‌వర్క్ తెగిపోయింది. దాంతో వాళ్ల డీఎన్‌ఎస్ సర్వర్లు తమ దారి ప్రకటనల్ని వెనక్కి తీసుకున్నాయి. కంప్యూటర్లన్నీ లక్షణంగా నడుస్తున్నాయి, వాటికి చేరే దారే ప్రపంచానికి తెలియదు. ఆ రాత్రి ఇళ్లలో రూటర్లు ఆపి వేసినవాళ్ల శ్రమంతా వృథా. ఇప్పుడు ఆర్‌పీకేఐ అని, ఈ అడ్రస్‌లు ఫలానా నెట్‌వర్క్‌వే అని సంతకంతో రుజువు చూపే ఏర్పాటు వ్యాపిస్తోంది. అది మూలాన్ని రుజువు చేస్తుంది గానీ మధ్య దారిని చేయదు.

దారిని కళ్లతో చూడాలంటే ట్రేస్‌రూట్ ఉంది. ప్రతి ప్యాకెట్ మీదా ఒక అంకె ఉంటుంది, ప్రతి రూటర్ దాన్ని ఒకటి తగ్గిస్తుంది, సున్నా అయితే పారేసి ఈసారి మాత్రం 'పారేశాను' అని కబురు పెడుతుంది. దారి తప్పిన ప్యాకెట్లు నిరంతరం తిరగకుండా పెట్టిన ఏర్పాటు అది. దాన్ని వాడుకుని ముందు 1, తర్వాత 2, 3 అని పంపుతూ పోతే ఒక్కో రూటర్ తన పేరు తనే చెప్పేస్తుంది. హైదరాబాద్ ఇంట్లోంచి అమెరికాలోని సైట్‌కి చేసి చూడండి. మొదటి వరుస మీ రూటర్, ఒకటి రెండు మిల్లీసెకన్లు. తర్వాత మీ కంపెనీ యంత్రాలు. సముద్రం దాటే దగ్గర ఒక్కసారిగా వందల్లోకి దూకుతుంది. గాజు తీగలో వెలుగు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లే పోతుంది. న్యూయార్క్ దాదాపు 13 వేల కిలోమీటర్లు, పోయి రావడానికి సుమారు 130 మిల్లీసెకన్లకు తక్కువ కుదరదు. 300 ఎంబీపీఎస్ ప్లాన్ తీసుకున్నా అది తగ్గదు. ఎంబీపీఎస్ ఎంత సరుకు పడుతుందో చెప్తుంది, ఎంత త్వరగా వస్తుందో చెప్పదు. అదీ బిట్లలో, కాబట్టి 100 అంటే సెకనుకు పన్నెండున్నర ఎంబీలే. మధ్యలో నక్షత్రం గుర్తులు వస్తే లైన్ తెగిందని కంగారు పడొద్దు. ఆ రూటర్‌కి కబురు పెట్టే ఓపిక లేదంతే.

నెట్ పోయినప్పుడు కాల్ సెంటర్‌కి ఫోన్ చేసే ముందు ఈ జవాబులు ఎవరెవరి నుంచి వస్తున్నాయో వరసగా చూసుకుంటే సరి. గోడకున్న ఫైబర్ పెట్టె మీద ఎర్ర లైటు మెరుస్తుంటే చాలావరకు వీధిలో స్తంభం మీది కేబుల్ తెగి ఉంటుంది, మీరు చేసేది పెద్దగా లేదు. ఎర్ర లైటు లేకపోతే కంప్యూటర్‌కి ఏ అడ్రస్ ఉందో చూడండి, 169.254తో మొదలైతే డీహెచ్‌సీపీ కేకకి ఎవరూ పలకలేదని, రూటర్ దగ్గరే తేడా అని. అడ్రస్ బాగుంటే గేట్‌వేకి పింగ్ కొట్టండి, అంటే పలుకుతున్నావా అని అడగండి; అది పలికితే బయట గూగుల్ నడిపే 8.8.8.8కి కొట్టండి. దీనికీ జవాబు వచ్చి సైట్లు మాత్రం తెరుచుకోకపోతే తప్పు చాలావరకు డీఎన్‌ఎస్‌ది, సెట్టింగుల్లో ఇంకో డీఎన్‌ఎస్ సర్వర్ నంబరు వేస్తే పని జరిగిపోతుంది. గేట్‌వే పలికి 8.8.8.8 పలక్కపోతే కంపెనీవాళ్లది. అప్పుడు ఫోన్ చేసి, రూటర్ ఒకసారి ఆపి వేయండి సార్ అని వాళ్లు అనకముందే, ఎంతవరకు పలుకుతోందో చెప్పండి.